గూట్లో రేడియో లేదు, చుట్టూ పటాలున్నాయి

మా ఇంటి సావిట్లో, వంటింటి నడవలోకి వెళ్లే ద్వారబంధానికి ఎడమపక్కన, నిలబడిన మనిషి తలకంటే జానెడు ఎత్తున ఒక గూడు ఉంది. దాని వెనకగోడలో చిటికెనవేలు పట్టేటంత రంధ్రాలు రెండున్నాయి. చిన్నతనంలో అవి ఎలుకలు చేసిన కన్నాలని అనుకునేవాణ్ణి. ఒకటి రేడియో తరంగాలను అందుకునే ఏరియల్ తీగ కోసం, రెండోది నేలలోకి దింపే ఎర్త్ తీగ కోసం మా తాతగారు తాపీమేస్త్రీ పక్కన నిలబడి వేయించినవని చాలా కాలానికి తెలిసింది. ఏరియల్ తీగ మొదట పెరట్లో రెండు కొబ్బరిచెట్లకు కట్టారట. గాలికి చెట్లు చెరోవైపు ఊగి నెలకోసారి తీగ తెగుతూ ఉంటే విసుగెత్తి వెదురు గడలకు మార్చారు. ఎర్త్ తీగ నూతి చప్టా పక్కన పాతిన ఇనపగొట్టానికి చేరేది. కోనసీమలో రాజోలు దగ్గర మా ఊళ్లో నడివేసవిలో కూడా నూతి పక్క నేల ఆరదు కనక ఎర్తుకు అంతకంటే మంచి చోటు ఉండదు.

ఆ గూట్లో ఉండిన రేడియో 1986 ఆగస్టు వరదలో పోయింది. గూడు మాత్రం ఖాళీగా అలాగే ఉండిపోయింది. రెండేళ్ల కిందట, ఉద్యోగ విరమణ తరువాత, పెంకు నేయించి గోడలకు సున్నం వేయించినప్పుడు, ఆ గూడు పైభాగాన పేరుకుపోయిన నల్లటి మసి చారను గీకడానికే పనివాడికి ఒక పూట పట్టింది. రేడియో పెట్టిన గూట్లో మసి ఏమిటా అని అనుకున్నానే గాని, అప్పట్లో పట్టించుకోలేదు. తెల్లబడిన గోడ, నడుమ ఖాళీ గూడు చూశాక, రేడియో కాలపు ఫొటోలు కొన్ని పటాలు కట్టించి దాని చుట్టూ అమర్చాలన్న కోరిక పుట్టింది. రేడియో స్వర్ణయుగమని అమెరికావాళ్లు చెప్పుకొనేది సుమారుగా 1930 నుంచి 1950ల దాకా, అంటే టెలివిజన్ ఇళ్లలోకి వచ్చి కూర్చునేలోపల. మనకు ఆ లెక్క ఒక తరం ఆలస్యంగా నడిచింది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలయ్యాయి. మా పల్లెల్లో పొలం గట్టు మీద కూడా ట్రాన్సిస్టర్ వినిపించింది 1970లలోనే.

మొదట నేను చేసింది అందరూ చేసేదే. ఇంటర్నెట్‌లో వెతికి, అమెరికా స్టూడియోల ఫొటోలకు మంచి నకళ్లు తెప్పించాను. అవి నిజంగా కన్ను తిప్పుకోనివ్వని ఫొటోలు. చేతులు రెండూ పైకెత్తి నటులను నడిపిస్తున్న దర్శకుడు ఓర్సన్ వెల్స్, మైకుల వరసకు ముందు బల్ల దగ్గర కూర్చున్న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, చేతిలో కాగితాలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డ నటీనటులు. ఆ ఎదురెదురు నిలబడటం ఫొటోగ్రాఫర్ కుదిర్చిన భంగిమ కాదు. ఆ కాలపు రిబ్బన్ మైకులో అయస్కాంత ధ్రువాల నడుమ పలచటి అల్యూమినియం రేకు ఒకటి వేలాడుతూ ఉంటుంది. ముందునుంచి వచ్చిన మాటకూ వెనకనుంచి వచ్చిన మాటకూ అది ఒకేలా కదులుతుంది. పక్కలనుంచి వచ్చినదానికి ఇంచుమించు కదలదు. ఆర్‌సీఏ కంపెనీ తయారుచేసిన 44 రకం మైకు ఆ కోవలోదే. అందువల్ల ప్రేమించుకునే పాత్రలైనా పోట్లాడుకునే పాత్రలైనా మైకుకు చెరోవైపు నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చదవడానికి అది వీలుగా ఉండేది. ఈ సంగతి తెలిసి చూస్తే ఆ ఫొటోలో మనుషుల కంటే మైకు చేస్తున్న పెత్తనమే ఎక్కువ కనిపిస్తుంది.

వాటిలో చాలావరకు పత్రికలకూ అభిమానులకూ పంచడానికి ప్రత్యేకంగా తీయించిన ప్రచార చిత్రాలే గాని, ప్రసారం జరుగుతుండగా తీసినవి తక్కువ. ఎవరికీ కనిపించని పనికి అంత అలంకరణ ఎందుకన్న ప్రశ్న వాటిని చూసిన ప్రతిసారీ నాకు కలుగుతుంది. 1920లలో లండన్ బీబీసీలో అనౌన్సర్లు సాయంకాలపు విందుకు వేసుకునే కోటు వేసుకుని మైకు ముందు కూర్చోవాలన్న నియమం ఉండేది. ఎడ్గర్ బెర్గెన్ అనే ఆయన చార్లీ మెకార్థీ అనే చెక్కబొమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పెదవులు కదపకుండా దానిచేత మాట్లాడించేవాడు. ఆ విద్యతో 1937 నుంచి అమెరికా రేడియోలో అగ్రశ్రేణి తారగా వెలిగాడు. రేడియోలో పెదవులు కదిలితే పట్టుకునేదెవరు? ఆ బొమ్మ ఫొటోను ఇష్టపడే తెప్పించుకున్నాను. ఆ నవ్వు మా సావిట్లో ఎందుకో అతకలేదు, నెల తిరక్కుండానే దించేశాను.

నిజానికి దించేయించింది మా మేనత్త. ఆవిడకు ఎనభై దాటాయి; ఏటా ధనుర్మాసం మా ఇంట్లో గడుపుతారు. వచ్చిన రోజు కుర్చీలో కూర్చుని గోడంతా ఒకసారి కలయజూసి, “ఎవర్రా వీళ్లందరూ? ఒక్కళ్ల గొంతూ నేను విన్నట్టు లేదే” అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. పాత సినిమా తార బొమ్మ పెట్టుకుంటే మొహం గుర్తుపట్టి సంతోషిస్తాం. రేడియో మనిషి బొమ్మకు గొంతు తెలియకపోతే మిగిలేది కోటూ మైకూ మాత్రమే. వాటిలో ఒకే ఒక్కటి అత్తయ్యకు నచ్చింది. అందులో ఒకాయన మైకు దగ్గర వంగి, రెండు కొబ్బరిచిప్పలు బోర్లించి పట్టుకుని గుర్రపు డెక్కల చప్పుడు చేస్తుంటాడు. “మన చిప్పలే!” అని చాలాసేపు నవ్వారు. కొబ్బరిచెట్టు అరుదైన దేశంలో కొబ్బరిచిప్పతో గుర్రాన్ని పరుగెత్తించినందుకు గాను ఆయనకు కోనసీమలో శాశ్వతంగా చోటు దొరికింది. ఇప్పటికీ గోడ మీద ఉన్న పరదేశి ఆయనొక్కడే.

ఇక మిగిలిన చోటుకు మేము విన్న గొంతుల ఫొటోలు వెతకడం మొదలుపెట్టాను. అప్పుడు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటుంది. మా ఇంట్లో తెల్లవారుజామున భక్తిరంజనితో మొదలై రాత్రి నాటకంతో ముగిసిన ఆ విజయవాడ గొంతుల్లో ఎన్నో ఈ గోదావరి నీళ్లు తాగి పెరిగినవే. స్వాతంత్ర్యం వచ్చిన రోజున మద్రాసు కేంద్రం నుంచి వినిపించిన తెలుగు గీతాన్ని రాసి బాణీ కట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1920లో నిడదవోలులో పుట్టారు. దాన్ని పాడిన టంగుటూరి సూర్యకుమారిది రాజమండ్రి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పుట్టిన శంకరగుప్తం మా ఊరికి సైకిలు దూరం. గాయకులు ఓలేటి వెంకటేశ్వర్లుగారు సాక్షాత్తు రాజోలువారే. ఆదివారం మధ్యాహ్నం రామాయణ భారతాలు చెప్పి, అన్నాలు వడ్డించిన విస్తళ్ల ముందే మమ్మల్ని కదలకుండా కూర్చోబెట్టిన ఉషశ్రీగారిది అవతలి గట్టున కాకరపర్రు. నేను కాలేజీలో చదివే రోజుల్లో “358.4 మీటర్లు, అంటే 837 కిలోహెర్ట్జ్” అని ఆ కేంద్రం చిరునామా చెప్పుకుంటుంటే, ఎక్కడో పెద్ద పట్నంవాళ్లు మనతో మాట్లాడుతున్నారని అనుకునేవాళ్లం. మా కాలవల వెంట నడిచి వెళ్లినవాళ్లే ఆకాశమార్గాన తిరిగొస్తున్నారని అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

అయితే ఈ ఫొటోలు అమెరికా ఫొటోల్లా నిగనిగలాడుతూ దొరకవు. నాకు దొరికినవన్నీ ఆకాశవాణి తెలుగులో ప్రచురించిన ‘వాణి’ పత్రిక పాత సంచికల్లోనివి. కార్యక్రమాల పట్టిక మధ్యలో అగ్గిపెట్టెంత చోటులో తంబుర పక్కన ఒక మొహం, మైకు వెనక ఒక మొహం. వాటిని స్కాన్ చేసి గోడకు సరిపడా పెద్దవి చేయించాలని ఆశపడి దెబ్బతిన్నాను. అచ్చుయంత్రానికి బూడిదరంగు తెలియదు. చిన్నా పెద్దా నల్లచుక్కలు దగ్గరగా పేర్చి బూడిదరంగనే భ్రమ కల్పిస్తుంది. అగ్గిపెట్టెంత బొమ్మను అడుగు ఎత్తుకు పెంచితే మొహం విడిపోయి చుక్కలే మిగులుతాయి. అదీగాక, చుక్కల వరసలకూ స్కానర్ గీతలకూ పొత్తు కుదరక బొమ్మ నిండా పట్టుచీర మీద కనిపించే నీటిచాళ్ల వంటి అలలు తేలాయి. చివరికి ఎంత బొమ్మను అంతే ఉంచి, చుట్టూ నాలుగేసి అంగుళాల తెల్లటి మౌంటు అట్ట వదిలి, పెద్ద చట్రంలో కట్టించాను. అంత తెలుపు నడుమ అంత చిన్న మొహం కనిపిస్తే, చూసేవాళ్లు వాళ్లంతట వాళ్లే దగ్గరకు వచ్చి, చెవి ఒగ్గినట్టుగా తల వంచి చూస్తారు. ఇది నేను ముందుగా ఊహించింది కాదు గాని, అమరికలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

మహాత్మాగాంధీ ఢిల్లీ బ్రాడ్‌కాస్టింగ్ హౌస్‌లో మైకు ముందు కూర్చున్న ఫొటో కూడా సంపాదించాను. ఆయన స్టూడియోకు వచ్చింది ఆ ఒక్కసారే, 1947 నవంబర్ 12న, కురుక్షేత్ర శిబిరంలోని కాందిశీకులతో మాట్లాడటానికి. ఎంత అరుదైనదైనా దాన్ని గూడు పక్కన పెట్టలేదు, నా చదువు గదిలో పెట్టుకున్నాను. సావిడి మా ఇంటి చెవి. అక్కడ మా ఇంట్లో వినిపించినవే ఉండాలని నా పట్టుదల.

ఆ పట్టుదలతోనే మా తాతగారి ఫొటోను గూటికి సరిగ్గా పైన, అన్నిటికీ నడుమ వేలాడదీశాను. అందులో ఆయన జరీ కండువా వేసుకుని కుర్చీలో కూర్చుని, పక్కన మూడుకాళ్ల బల్ల మీదున్న పెద్ద రేడియో మీట మీద చెయ్యి వేసి ఉంటారు. వెనక తెర మీద మేడమెట్లు, పూలకుండీ, ఒక హంస. ఆయన రేడియో కొన్నప్పటి ఫొటో అనే నేను యాభై ఏళ్లుగా నమ్ముతూ వచ్చాను. పిల్లలకూ అలాగే చెప్పాను. అత్తయ్య మరుసటి ఏడు వచ్చినప్పుడు దాన్ని చూసి చప్పరించేశారు. “ఆ రేడియో మనది కాదురా. రాజమండ్రిలో ఫొటో స్టూడియోవాళ్లది. నేనూ పక్కనే ఉన్నాను, పద్నాలుగేళ్లు నాకు. వెనక్కి వెళ్లి చూశాను, లోపల ఏవీ లేదు, ఉత్త పెట్టె. రేడియో కావాలా, టెలిఫోను కావాలా అని అడిగాడు నాన్నని. నాన్న రేడియో అన్నారు.” ఆ కాలపు స్టూడియోల్లో రేడియో, టెలిఫోను, చేతిగడియారం, నల్లకళ్లద్దాలు మనిషికి తోడుగా అద్దెకు వచ్చే మర్యాదలని నాకు తెలియక కాదు; మా తాతగారి చేతికింద ఉన్నది ఉత్త పెట్టె అయి ఉంటుందని తోచలేదు, అంతే. ఫొటో తీయించింది 1955 ప్రాంతంలో, అసలు మర్ఫీ రేడియో ఇంటికి వచ్చింది 1961లో. అంటే ఆరేళ్ల ముందే ఆయన రేడియో మీద చెయ్యి వేసి చూసుకున్నారన్నమాట. ఈ కథ తెలిశాక ఆ పటం విలువ నా దృష్టిలో పెరిగింది. అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు. “పలకని రేడియోని గూటిపైన పెడతావేవిట్రా” అన్నారు. పటం వీధివైపు గోడకు మారింది.

దాని చోటులోకి వచ్చినది మా పెదనాన్నగారి అబ్బాయి ఆగ్ఫా క్లిక్ కెమెరాతో తీసిన చదరపు ఫొటో. చేయి తిరిగినవాళ్ల పని కాదు. అడుగున కుడిమూల తీసినవాడి బొటనవేలు మసకగా పడింది. గూట్లో రేడియో, దానిమీద మా నాయనమ్మ కుట్టిన పూలగుడ్డ, కింద చాప మీదా బల్ల మీదా తొమ్మిదిమంది మగవాళ్లు. అందరూ తలలెత్తి రేడియో వైపే చూస్తున్నారు. చూడటానికి అక్కడ వెలిగే డయలూ, స్టేషను సరిగ్గా కుదిరిందో లేదో చూపే ఆకుపచ్చ దీపపు కన్నూ తప్ప ఏమీ లేవు, అయినా మాట్లాడే పెద్దమనిషి మొహంలోకి చూసినట్టు చూస్తున్నారు. అమెరికా ఫొటోల్లో కుటుంబాలు రేడియో చుట్టూ చేరి చూసే చూపూ అచ్చంగా ఇదే. నకలు తీయించడానికి పెద్ద రిజల్యూషన్‌తో స్కాన్ చేసి, తెర మీద మరకలు దిద్దుతూ ఉండగా, నడవ ద్వారబంధం చీకట్లో ఒక చెయ్యి కనిపించింది. మోచేతిదాకా మాత్రమే, గాజులు, బంధాన్ని పట్టుకున్న వేళ్లు. అత్తయ్యకు చూపిస్తే, కళ్లజోడు కూడా సవరించుకోకుండా, “అమ్మ” అన్నారు. అప్పుడే ఇంకో మాట కూడా చెప్పారు. సావిట్లో నాలుగు గోడలుండగా గూడు వంటింటి నడవ పక్కకే రావడానికి కారణం ఆవిడేనట. వీధివైపు గోడకు వేయిస్తానని తాతగారు అంటే, అయితే రాత్రి నాటకం వచ్చే రోజుల్లో వంట మధ్యాహ్నమే అయిపోతుంది, చల్లన్నం తింటారా అని అడిగిందట నాయనమ్మ. తాపీమేస్త్రీ మర్నాడే ఇటువైపు వచ్చాడు.

అందువల్ల నా అమరిక మళ్లీ మారింది. వీధిలోంచి వచ్చేవాళ్లకు బాగా కనిపించేలా పేర్చిన పటాలన్నిటినీ, నడవ గుమ్మంలో నిలబడి చూస్తే బాగా కనిపించేలా తిరగేసి పేర్చాను. వచ్చిన అతిథులకు ఇప్పుడు అవి కాస్త పక్కవాటుగా కనిపిస్తాయి. కనిపించనీ.

ఇక్కడ కొంత పని సంగతి చెప్పాలి, ఎందుకంటే డెల్టా ఇళ్లలో ఫొటోకు శత్రువు కాలం కాదు, చెమ్మ. వరదలో మా ట్రంకుపెట్టె నిండా మునిగి, ఫొటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ నాటి నలుపు తెలుపు ఫొటోలో కాగితం మీద ఉండేది జెలటిన్ పొర. వెండి రేణువులు అందులోనే ఉంటాయి. తడిస్తే ఆ పొర ఉబ్బి జిగురవుతుంది, ఆరితే పక్కనున్నదాన్ని పట్టేస్తుంది. అతుక్కున్నవాటిని పొడిగా లాగినవన్నీ చిరిగిపోయాయి. మిగిలినవాటిని మంచినీళ్ల పళ్లెంలో వేసి, వాటంతట అవి విడిపోయేదాకా ఓపిక పట్టి, నీడలో ఆరబెడితే కొన్ని దక్కాయి. ఆ అనుభవం తరువాత అసలు ఫొటోను గోడకు వేలాడదీయకూడదని నిర్ణయించుకున్నాను. అసలైనవి అటక మీద కాకుండా, బీరువా పై అరలో, మధ్యమధ్య పలచటి తెల్లకాగితం వేసి, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉన్నాయి; గోడ మీదివన్నీ నకళ్లే. ఆరు అంగుళాలకు నాలుగు అంగుళాల ఫొటోను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, స్కాన్ చేస్తే, 300 డీపీఐ లెక్కన పన్నెండు అంగుళాలకు ఎనిమిది అంగుళాల నకలు పదును చెడకుండా వస్తుంది. గోడకు అంతకు మించి అక్కర్లేదు. పసుపు ఛాయను కంప్యూటర్లో పూర్తిగా తుడిచేసి తెల్లగా చేయమని స్టూడియో కుర్రవాడు సలహా ఇచ్చాడు గాని, నేను ఒప్పుకోలేదు. ఆ రంగు లేకపోతే నిన్న తీసినట్టుంటుంది.

పటం కట్టించేటప్పుడు కొట్లో దగ్గర కూర్చోవాలి. లేకపోతే ఫొటోను నేరుగా అద్దానికి ఆనించి, వెనక పాత అట్ట పెట్టి, మైదా జిగురు రాసి, సెల్లోటేపు అంటించి ఇచ్చేస్తారు. ఈ నాలుగూ తప్పులే. అద్దానికి ఆనిన ఫొటో రెండు వానాకాలాల్లో అద్దానికే అంటుకుంటుంది. నడుమ కిటికీలా కోసిన మౌంటు అట్ట ఉంటే రెండు మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. చవక అట్టలో ఉండే ఆమ్లం కాగితాన్ని గోధుమరంగులోకి దింపుతుంది. మైదా జిగురు వెండిరంగు పురుగులకు విందు. సెల్లోటేపు పదేళ్లలో ఎండి రాలిపోయి, మరకను మాత్రం వదిలి వెళుతుంది. ఆమ్లం లేని అట్ట మా చుట్టుపక్కల దొరకక హైదరాబాదు నుంచి తెప్పించాను. ఖర్చయిందని ఇంట్లో సణుగుడు ఉంది, అది వేరే సంగతి. ఇక పటం వెనక నాలుగు మూలలా అరిగిపోయిన హవాయి చెప్పుల ముక్కలు కోసి అంటించాను. గోడకూ చట్రానికీ నడుమ వేలిమందం గాలి ఆడితే చెమ్మ పటంలోకి ఎక్కదు. సున్నపుగోడ నీళ్లు పీల్చి వదులుతూ ఉంటుంది కనక ఈ చెప్పుముక్కలు మా ఇంట్లో అలంకారమంత ముఖ్యం.

పాత ఇళ్లలో పటాలు ఎందుకు అంత ఎత్తున, పైభాగం ముందుకు వాలి ఉండేవో కూడా ఈ పని చేస్తుండగానే అర్థమైంది. చాప మీద కూర్చున్నవాడి కంటికి బొమ్మ సూటిగా కనిపించడానికి ఆ వాలు. కిటికీ వెలుతురు అద్దంలో మెరవకపోవడం దానివల్ల కలిగే లాభం. వెనక గాలి ఆడటం మరో లాభం. ఇప్పటి పత్రికల్లో చూపించినట్టు నిలబడ్డ మనిషి కంటి ఎత్తున, గోడకు అతికించినట్టు పెడితే, మా సావిట్లో ప్రతి పటంలోనూ ఉషశ్రీగారికి బదులు ఎదుటి కిటికీలోంచి కొబ్బరిచెట్లు కనిపించాయి. అందుకని పై కొక్కెం తాడు పొడవుగా వదిలి వాలుగానే కట్టాను. పడమటి గోడ మాత్రం వదిలేశాను. ఎండాకాలం సాయంత్రం నాలుగు గంటల ఎండ అక్కడ గంటన్నర నిలుస్తుంది, వానాకాలం జల్లు అదే గోడకు కొడుతుంది. తెలియక అక్కడ పెట్టిన ఒక పటానికి మొదటి ఏడే అద్దం లోపల బూజు చుక్కలు వచ్చాయి. చట్రాల రంగు గురించి నాకు పెద్దగా చెప్పాల్సింది లేదు. సన్నటి టేకు చాలు. పూలు చెక్కిన బంగారు గిల్టు దేవుడి పటాలకే బాగుంటుంది.

ఖాళీ గూట్లో పాత రేడియో ఒకటి కొని పెట్టమని చూసినవాళ్లందరూ చెబుతున్నారు. ఈ మధ్య పాత రేడియోల పొట్ట కోసి, వాల్వులు, స్పీకరు పారేసి, లోపల రంగుబల్బు పెట్టి అలంకార వస్తువులుగా అమ్ముతున్నారు. అలాంటివి రెండు చూశాను. స్టూడియోవాడి ఉత్త పెట్టెకూ దానికీ తేడా ఏమీ కనిపించలేదు. వాడైనా కనీసం అద్దెకే ఇచ్చాడు, అమ్మలేదు.

గూట్లో ఇప్పుడున్నది మా రేడియో లైసెన్సు పుస్తకం. పోస్టాఫీసులో ఏడాదికి 15 రూపాయలు కట్టి ముద్ర వేయించుకుంటేనే ఇంట్లో రేడియో వినే హక్కు ఉన్న రోజులవి. 1980ల మధ్యలో ఆ పద్ధతి ఎత్తేశారు. వరద రోజున అది తాతగారి చొక్కాజేబులో ఉండటం వల్ల బతికింది. దాన్ని తెరిచి, ముద్రలున్న పేజీలు కనిపించేలా అద్దాల పెట్టెలో నిలబెట్టాను. మొన్న ధనుర్మాసంలో అత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, వేలితో ఏళ్లు లెక్కపెడుతూ, 1966, 67 ముద్రలు లేవని కనిపెట్టారు. ఆ రెండేళ్లూ చేలు దెబ్బతిన్నాయట, డబ్బు కట్టలేదట. మరి రేడియో పాడలేదా అని అడిగాను. “ఎందుకు పాడలేదూ? తనిఖీవాళ్లు రేవు దాటారని కబురొస్తే రేడియో గాదెలోకి వెళ్లిపోయేది. గూడు ఖాళీగా కనిపిస్తే అనుమానిస్తారని అమ్మ అందులో ఆవదం దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుంటూ కూర్చునేది” అన్నారు. పనివాడు పూటంతా గీకి పోగొట్టిన మసి చార ఎక్కడిదో అప్పుడు తెలిసింది.